అల్లిపురం ఫ్యాను, అరకు కంబళి

విశాఖపట్నం, అల్లిపురం
10-4-1977

మహారాజశ్రీ వియ్యంకులు పైడయ్య బావగారి సముఖమునకు,

వరహాలరావు నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. తమరూ, రత్నాలు చెల్లెమ్మగారూ, మా అల్లుడు గోపాలకృష్ణా అరకులో క్షేమమని తలుస్తాను.

ముప్పయ్యేళ్ళు పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. ఏ పనైనా ముందుగా కాగితం మీద పెట్టడం నా అలవాటు. మా అమ్మాయి సత్యకుమారికి ఎనిమిదో నెల గనుక ఇప్పుడు ఊరు దాటించకూడదు. మే నెలలో తొమ్మిది పడగానే నేనే వచ్చి, తమ అనుమతితో, తొలి కాన్పుకి పుట్టింటికి తీసుకువస్తాను.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. మీ అరకూ మన జిల్లాలోనిదే, సూర్యుడూ ఒకడే. అమ్మాయి అక్కడ ఉక్కపోతతో ఎంత అల్లాడుతున్నదో ఊహించగలను. అందుకని రైలు పార్సిల్లో ఒక టేబుల్ ఫ్యాను పంపుతున్నాను. రాత్రింబవళ్ళు అమ్మాయి పక్కనే వేసి ఉంచవలసినది.

ఇట్లు తమ విధేయుడు,
వరహాలరావు

తా.క.: పార్సిలు విప్పేటప్పుడు రెక్కలు జాగ్రత్త. కొత్త వస్తువు.

---

అరకులోయ
17-4-1977

వరహాలరావు బావగారికి పైడయ్య నమస్కారాలు.

ఫ్యాను చేరింది. సంతోషం. కానీ బావగారూ, మా ఇంట్లో కోడలు ఉక్కతో అల్లాడుతోందని మీకెవరు చెప్పారు? నేను శృంగవరపుకోట పక్క పల్లె నుంచి కొండెక్కి కిరాణా కొట్టు పెట్టి పాతికేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఎవరికీ చెమట పట్టలేదు, పని చేసినా పట్టలేదు. సాయంత్రం నాలుగింటికి వాన కొడితే తలుపులు బిగించుకుని కూర్చుంటాం.

అయినా వియ్యంకుల కానుక కదా అని ఫ్యాను వేశాను. అది టకటకా టకటకా అని ఒకటే మోత. పక్కింటివాళ్ళు మేము కుట్టుమిషను కొన్నామనుకుని రవికల గుడ్డలు పట్టుకొచ్చారు. మా కొట్లో బస్తాలు మోసే సోంబరు దాని ముందు ఒక్క నిమిషం నిలబడి, "ఇదేటి బాబూ, ఉన్న చలి సాలక ఇంకా చలి తెప్పించారేటి?" అన్నాడు. చివరికి శుక్రవారం సంతకి గిరిజనులు తెచ్చిన వలిసె గింజల్లో పొట్టు ఎగరగొట్టడానికి పెట్టాను. బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

మీ ఊరు నేను చూసింది ఒక్కసారే, పెళ్ళికి మాఘమాసంలో. ఆ సముద్రపు గాలికి పట్టిన జలుబు పది రోజులు వదల్లేదు. రాత్రుళ్ళు మీరెలా పడుకుంటున్నారో అని నాకు బెంగ. అందుకని లారీ డ్రైవరు చేత మంచి కంబళి ఒకటి పంపుతున్నాను. చెవుల మీదుగా కప్పుకోండి.

మీ బావ,
పైడయ్య

తా.క.: దాన్ని ఉతక్కండి. ఇక్కడైతే ఆరడానికి వారం పడుతుంది.

---

విశాఖపట్నం
23-4-1977

పైడయ్యగారికి,

తమ 17వ తేదీ ఉత్తరమూ, దానితోపాటు కంబళి అనబడే వస్తువూ అందినవి.

పార్సిలు వచ్చేసరికి మధ్యాహ్నం రెండు గంటలు. కట్టు విప్పగానే మా ఆవిడ అచ్చియమ్మ ముక్కు మీద వేలేసుకుని, "ఇదేటండీ, ఇది బతికున్న మనిషికి పంపారా, పోయిన మనిషికి పంపారా?" అన్నది.

అయ్యా, ఇక్కడ వేసవి అంటే ఏమిటో తమకు తెలియజేయడం నా విధి. ఎండ ఒక్కటే అయితే నీడకి పోవచ్చు. ఉక్క నీడలోకి కూడా వెంట వస్తుంది. డబ్బాలో ఉప్పు నీరై కారుతోంది. అగ్గిపుల్ల గీస్తే వెలగడం లేదు. అప్పడాలు వేయించకముందే మెత్తబడి గుడ్డపీలికల్లా వేలాడుతున్నాయి. పొద్దున తొడుక్కున్న బనీను పదింటికి పిండితే చెంబుడు నీళ్ళు వస్తున్నాయి. ఒంటినిండా చెమటకాయలు. తరవాణి తాగి, నేల మీద నీళ్ళు జల్లుకుని, ఆ తడి మీద పడుకుంటున్నాం. విసనకర్రతో విసిరి విసిరి అచ్చియమ్మకి భుజం పట్టేసింది. అటువంటి మనిషికి తమరు కంబళి పంపారు, చెవుల మీదుగా కప్పుకోమన్నారు.

మగపెళ్ళివారు కదా అని ఊరుకుంటున్నాను. కానీ నా కూతురి కోసం పంపిన ఫ్యానుతో వలిసెల పొట్టు ఎగరగొట్టారన్న మాట మాత్రం నాకు అన్నం సహించకుండా చేసింది.

ఇట్లు,
వరహాలరావు

తా.క.: కొత్త ఫ్యాను టకటకలాడదు. తప్పు మీ ఊరి కరెంటుది.

---

అరకులోయ
29-4-1977

బావగారికి,

మీ ఉత్తరం ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. వినగానే రత్నాలు తేల్చి చెప్పేసింది: "నిండు చూలాలిని ఆ కుంపట్లోకి పంపుతామేటి? పంపం."

ఉప్పే నీరైపోయే ఊళ్ళో నా మనవడు ఏమవుతాడండీ? చెమటకాయల గురించి మీరే రాశారు. తడి నేల మీద పడుకుంటున్నామని మీరే రాశారు. మాకు ఫ్యాను పంపిన పెద్దమనిషి తన ఇంట్లో విసనకర్ర పట్టుకోవడమేమిటో నాకు బోధపడలేదు, కరెంటు కోత కాబోలు. కాబట్టి పురుడు ఇక్కడే. మా వాతావరణం సంగతి వినండి. మొన్న వడగళ్ళు పడ్డాయి. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టింది. మే నెల వస్తున్నా పడకగదిలో కుంపటి పెట్టుకుంటున్నాం. పొద్దున్న పొగమంచుకి ఎదురింటి గుమ్మం కనబడదు. ఇంత చల్లని చోటు వదిలి ఎవరైనా వెళ్తారా?

పుట్టింటివారు వచ్చి అడగాలి, అత్తింటివారు పంపాలి. అది పద్ధతి. మీరు వచ్చి అడిగినా ఈసారి పంపను. మా అంతట మేము పిల్లని తెచ్చి మీ గుమ్మంలో దింపే పని మా ఇంటావంటా లేదు.

ఇట్లు,
పైడయ్య

తా.క.: మీ అల్లుడు బడిపంతులు కదా, నువ్వేమంటావురా అని అడిగాను. సెలవుల్లో ఏమీ అననన్నాడు.

---

విశాఖపట్నం
4-5-1977

పైడయ్యగారికి,

తమ ఉత్తరం చదివి అచ్చియమ్మ పొయ్యి దగ్గరే కూలబడి ఏడ్చింది. నూనె గడ్డకట్టే చోట పసిగుడ్డు బతుకుతుందా? వడగళ్ళ మధ్య నా కూతురు పురుడు పోసుకోవాలా? కుంపటి పొగలో బాలింతా, బిడ్డా పడుకోవాలా? ఇవన్నీ తమరు స్వహస్తంతో వ్రాసినవి. ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది.

ఇక మా ఊరి వేడి గురించి నేను వ్రాసినది కొంచెం ఆవేశంలో వ్రాసినది. వాస్తవానికి ఇక్కడ వేడి ఏమీ లేదు. సముద్రం మీది నుంచి చల్లని గాలి వస్తోంది. తమరు పంపిన కంబళి చాలా ఉపయోగంగా ఉంది. నిన్న సాయంత్రం అది కప్పుకునే వరండాలో కూర్చున్నాను. వీధిలో అందరూ చూశారు.

కాబట్టి అమ్మాయిని పంపడానికి తమకు ఏ అభ్యంతరమూ ఉండనక్కరలేదు. పురుడు పుట్టింట్లోనే. ఇది మా హక్కు.

ఇట్లు,
వరహాలరావు

తా.క.: డాక్టరు నాకు మూడు రోజులు లేవొద్దన్నాడు. దానికీ కంబళికీ సంబంధం లేదు.

---

అరకులోయ
10-5-1977

వరహాలరావుగారికి,

చల్లని గాలి మీ ఊళ్ళోనా? ఎవరి చెవిలో పూలు పెడతారు?

నేనూ ఆవేశంలోనే రాశాను. అసలు అరకులో చలి ఎక్కడుంది? నూనె గడ్డకట్టడం సీసా దోషం. కుంపటి వేరుశనక్కాయలు కాల్చుకోవడానికి పెట్టుకున్నది. మీ ఫ్యాను ముందే మేమందరం పడుకుంటున్నాం. హాయిగా ఉంది. రత్నాలుకి దగ్గు వచ్చిన మాట నిజమేగానీ అది వేరే దగ్గు.

తొమ్మిదో నెల పడింది. పిల్లని కదపను. ఇదే నా ఆఖరి మాట.

ఇట్లు,
పైడయ్య

తా.క.: కోడలు నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదు, మాట్లాడడం లేదు. ఏమ్మా అంటే ఏం లేదు మావయ్యా అంటుంది. వేడి చేసిందేమో. చలువ చేసిందని మాత్రం అనకండి.

---

క్యాంపు: అరకులోయ, తమ ఇల్లు
21-5-1977

పైడయ్యగారికి,
(కేరాఫ్ నా ఇల్లు, అల్లిపురం, విశాఖపట్నం)

అయ్యా, ఇదేం మర్యాద?

తమ ఉత్తరంలో అమ్మాయి తినడం లేదన్న ముక్క చదివాక నేను ఇంట్లో నిలవలేకపోయాను. ఒంట్లో కాస్త ఓపిక రాగానే గురువారం పొద్దున్న కిరండూల్ పాసింజరు ఎక్కాను. తమ కంబళి తమ మొహాన కొట్టి, నా కూతుర్ని వెంటబెట్టుకు రావాలని నిశ్చయం. తలుపు తీసిన రత్నాలు చెల్లెమ్మ నన్ను చూసి, "ఏటన్నయ్యా, మీరిక్కడున్నారేటి? ఆయన కోడల్ని తీసుకుని పొద్దున్న బస్సుకే మీ ఇంటికి ఎల్లిపోయారు కదా!" అన్నది. నేను కొండెక్కుతుంటే తమరు కొండ దిగారు. ఒక కార్డు ముక్క రాయలేకపోయారా?

నాలుగింటికి వాన మొదలైంది. ఐదింటికి నా పళ్ళు టకటకలాడాయి. మొహాన కొట్టడానికి తెచ్చిన కంబళి విధిలేక కప్పుకున్నాను. చెవుల మీదుగానే కప్పుకున్నాను.

నిన్న సంత. అల్లుడొక్కడూ సతమతమవుతుంటే నేనూ కొట్లో కూర్చున్నాను. సంతకొచ్చిన ప్రతి మనిషీ "గాలిమిషను ఏది బాబూ?" అని అడగడమే. ఫ్యాను కూడా తమరు పట్టుకుపోయారని సోంబరు చెప్పాడు. ఎందుకండీ? ఇచ్చిన కానుక తిరిగి నా ఇంట్లో పడేసి నన్ను అవమానించడానికా? ఇంతకన్నా అవమానం నా సర్వీసులో ఎరగను.

అమ్మాయి ఎలా ఉన్నదో వెంటనే తెలియజేయవలసినది. దారిలో కొండరాళ్ళు పట్టాల మీద పడ్డాయట. రైళ్ళు లేక ఇక్కడ చిక్కుబడ్డాను.

ఇట్లు,
వరహాలరావు

తా.క.: పట్టాలు నిన్ననే బాగుచేశారని ఇప్పుడే తెలిసింది. ఏప్రిల్ తర్వాత మొదటిసారి రెండు రాత్రులు వరసగా నిద్రపోయాను. ఈ విషయం అచ్చియమ్మకి చెప్పవద్దు.

---

విశాఖపట్నం, అల్లిపురం, మీ ఇల్లు
24-5-1977

బావగారికి,

ముందు శుభవార్త. ఆదివారం పొద్దున్న ఆసుపత్రిలో సత్యకుమారికి సుఖప్రసవం అయింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. నిన్ననే ఇంటికి తెచ్చాం. ముక్కు అచ్చంగా మీ ముక్కే, గట్టిగా ఏడిస్తే మా రత్నాలు, మొహం చిట్లిస్తే మీరు.

ఇక నేను మిమ్మల్ని తిట్టాలి.

బుధవారం సాయంత్రం వాన, చలిగాలి. కొట్టు కట్టి ఇంట్లోకి వచ్చేసరికి కోడలు శాలువా కప్పుకుని, ఫ్యాను ఎదురుగా కళ్ళు మూసుకుని కూర్చుంది. వణుకుతోంది. "ఏటమ్మా, ఈ చలిలో ఇదేటి?" అన్నాను. "ఈ చప్పుడు మా ఇంట్లోది మావయ్యా. చిన్నప్పుడు నేనే రెక్క వంచేసాను. కళ్ళు మూసుకుంటే అమ్మ పక్కన పడుకున్నట్టుంటాది" అంది.

మర్నాడు పొద్దున్న బస్సులో పిల్లని కిటికీ పక్క కూర్చోబెట్టి, ఘాట్ రోడ్డు పొడుగునా ఫ్యాను నా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. మా ఇంటావంటా లేని పని చేశాను. పిల్లని తెచ్చి మీ గుమ్మంలో దింపాను.

మీ ఇంట్లో అడుగుపెట్టాక చూశాను. ఒక స్టూలు ఖాళీగా ఉంది. రెండు విసనకర్రలు అంచులు చిరిగి ఉన్నాయి. ఇంకో ఫ్యాను ఏ గదిలోనూ లేదు. ఉన్న ఒక్క ఫ్యానూ కూతురికి పంపేసి, కొత్త వస్తువని రాస్తారా? ఈ ఉక్కలో ఆ ముసలావిడ చేత విసనకర్ర విసిరించుకుంటారా? దాంతో నేను సంతలో వలిసెల పొట్టు ఎగరగొట్టానే! ఆ మాట మీకే ఉత్తరం రాశానే! నా పరువేం కావాలి? ఇంత అన్యాయం చేసే వియ్యంకుడు ఎవరికీ ఉండకూడదు. అక్కయ్యగారి ముందు తలెత్తి మాట్లాడలేకపోతున్నాను. క్షమించమని అడగడం నాకు అలవాటు లేదు, కాబట్టి అడిగినట్టే అనుకోండి.

మీరు రాసిన ఉక్క అబద్ధం. దానికి రెండింతలుంది. ఫ్యాను పిల్ల ఉయ్యాల దగ్గర పెట్టాం, అది ఆ టకటకకే నిద్రపోతోంది. కరెంటు పోతే అచ్చియమ్మక్కయ్య విసురుతుంటే నేను నోటితో టకటకమంటున్నాను. మనవరాలి కోసం వెంటనే బయల్దేరి రండి.

మీ బావ,
పైడయ్య

తా.క.: నాన్నా, ఇది రాస్తున్నది నేను, సత్యని. మావయ్య చెమట కాగితం మీద పడి ఇంకు పాకిపోతుంటే నన్ను రాయమన్నారు. నెలన్నర రోజులు మీరిద్దరూ మీ ఊళ్ళ ఎండలూ చలీ కొలుచుకున్నారు. ఎక్కడ పురుడు పోసుకుంటావమ్మా అని నన్ను ఒక్కరూ అడగలేదు. అడిగుంటే అమ్మ దగ్గర అని ఒక్క ముక్కలో చెప్పేదాన్ని, ఉత్తరం ఖర్చు కూడా ఉండేది కాదు. వచ్చేటప్పుడు ఆ కంబళి తీసుకురండి. పాపకి కాదు. మావయ్య రాత్రంతా ఫ్యాను నావైపు, పాపవైపు తిప్పి, తను తడి నేల మీద పడుకుని పొద్దున్నుంచి జలుబుతో తుమ్ముతున్నారు.