అరచెయ్యంత తెరిచిన తలుపు

నాయనా తిమోషా, మేం బాగానే ఉన్నాం, బెంగపడకు. నిన్న మన ఊళ్లో ట్యాంకులు ఆగాయి. మీ అన్న జఖార్ కాలిపోయింది అలాంటి దాంట్లోనే కదా, వాడు తోలిన చోట ఒక్కసారి కూర్చోనివ్వమన్నాను.

"రా అమ్మా, బెర్లిన్ దాకా నువ్వే తోలు!" అన్నాడు డ్రైవరు.

ఎక్కి కూర్చుంటే మోకాళ్లు గుండెకు తగిలాయి. ముందు రేకు మన ఇంటికప్పులా ఏటవాలుగా ఉంది, గుండు జారిపోతుందట. దానికే ఇనుప తలుపు. మీ అన్నకు తెరుచుకోనిది ఆ తలుపే.

"పూర్తిగా మూస్తే దెబ్బకి బిగుసుకుపోద్దమ్మా, మేం అరచెయ్యంత తెరిచే ఉంచుతాం" అన్నాడు.

శిక్షణ అయ్యాక నువ్వు కూర్చునేదీ అక్కడే. అలాగే ఉంచుకుంటానని రాయి నాయనా.

ఉన్ని మేజోళ్లు అందాయా? మేక వట్టిపోయింది. ఇంత చలిలోనూ నేను మన తలుపు అరచెయ్యంత తెరిచే ఉంచుతున్నాను. మీ వదిన ఊల్యా గొణుగుతుంది గానీ, మూయదు.

దేవుడు నిన్ను కాయాలి.

అమ్మ