అద్దానికి తల కొట్టుకునే చేప

మల్కాపురం,
బుధవారం.

మా బంగారు అక్సాకు అమ్మ ముద్దులు, ప్రభువు దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. విజయవాడ ఎండలకి నీళ్లు బాగా తాగుతున్నావా? హాస్టల్లో ఫోను ఇవ్వరు కాబట్టి నీ ఉత్తరమే మళ్లీ మళ్లీ చదువుకున్నాను. అందులో సగం నీ క్యాట్‌ఫిష్ గురించే.

నువ్వడిగినవన్నీ చూశాను. మొప్పలు ఎర్రబడలేదు. ఒంటి మీద తెల్ల మచ్చలు, పుండ్లు లేవు. కానీ నీకు ముందు రాసినట్టే తిండి మానేసింది. ఇదివరకు పగలంతా నువ్వు పెట్టిన పెంకు ముక్క కింద నక్కి ఉండేదా, పోయిన వారమంతా ఉన్నట్టుండి ఎగిరి తొట్టె అద్దానికి తల కొట్టుకునేది. మీసాలు ముడుచుకుని అడుగున పడిపోయేది. చచ్చిపోయిందనుకుని దగ్గరికి వెళ్తే మళ్లీ ఒక్క ఉదుటున లేచేది.

మన వన్ టౌన్‌లో రంగు చేపల కొట్టు తాతబాబుకి వీడియో పంపాను. "నీల్లు పడలేదమ్మా. సగం మార్సీసి కల్లుప్పు ఎయ్యండి," అన్నాడు. అలాగే చేశాను. సాయంత్రానికి ఇంకా ఎక్కువైంది. మీ నాన్న చూడలేకపోయారు. "దాన్నిలా బాధ పెట్టీకన్నా పేనం తీసీడమే మేలు, లీలా," అన్నారు. నీకేం చెప్పాలో తెలియక ఏడుపొచ్చింది.

"అసలు ఎప్పుడెప్పుడు అలా చేస్తోందో చూడమ్మా" అని రాశావు కదా. ఆ మాట పట్టుకుని పోయిన శుక్రవారం పనంతా మానేసి తొట్టె ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, తొట్టె లోపల నీళ్లు వడగట్టే మోటారూ ఆగింది. అంతవరకూ గిలగిల్లాడిన చేప మెల్లగా మీసాలు విప్పింది. ఇసుక తడుముకుంటూ పెంకు దాకా వెళ్లింది. నాకు ఏదో తట్టినట్టే తట్టి, అందలేదు.

ఇక్కడి దాకా రాసి కాసేపు ఆగాను తల్లీ. అందరం కులాసా అన్నది పూర్తి నిజం కాదు. పరీక్షలు వదిలేసి వచ్చేస్తావని నీకు చెప్పొద్దంది నానమ్మ. కానీ దాచడం నావల్ల కావడం లేదు.

ఆ మధ్యాహ్నం చేప తేరుకుందని సంబరంగా కేకేశాను. నానమ్మ వట్టి కాళ్లతో వచ్చి, మోచేతి దాకా నీళ్లలో పెట్టి దాని వీపు నిమిరింది.

"ఓలమ్మ, సేతిలోకొచ్చీసింది సూడే! రోజూ మేత ఏసినప్పుడల్లా ఏల్లు జివ్వుమంతాయా, ఇయ్యాల అది కూడా లేదే!"

ఆ జివ్వుమనడం షుగరు వల్లేనని ఇన్నాళ్లూ అనుకున్నాం. ఆవిడ మాట పూర్తి కాకుండానే ఇందాక అందనిది అందింది. చేప, వేళ్లు, మోటారు.

"అత్తా, సెయ్యి తియ్యి!"

అప్పుడే కరెంటొచ్చింది. చేప ఎగిరి అద్దానికి కొట్టుకుంది. నానమ్మ నోరు తెరిచింది గానీ మాట రాలేదు. చెయ్యి నీళ్లలోనే బిగుసుకుపోయింది. పట్టుకుని లాగబోయి ఆగాను. గోడ దగ్గరికి ఉరికి మోటారు స్విచ్చి కట్టేశాను. ఆవిడ వెనక్కి పడిపోయింది.

మణికట్టు విరిగింది. గుండెకి ఏమీ కాలేదని డాక్టర్లు చెప్పాకే నాకు ఊపిరాడింది. సోమవారం ఇంటికి తెచ్చుకున్నాం.

మోటారు తీసి చూస్తే తీగ మీది తొడుగు చిట్లి, లోపలి రాగి బయటపడి ఉంది. ఉప్పు వేశాక ఆ నీళ్లలో కరెంటు ఇంకా బాగా పాకిందట.

నువ్వు పరుగెత్తుకు రావద్దు. నానమ్మ అన్నం తింటోంది, నన్ను కసురుతోంది కూడా. మోటారు తీసేసి, తొట్టె బయట ఉండే గాలి పంపు పెట్టాం. చేప నిన్నటి నుంచి మేత ముడుతోంది.

ఈ పొద్దున మేత డబ్బా అందిస్తే నానమ్మ వెనక్కి జరిగింది. "నాను ఎయ్యనే. బయమేత్తంది," అంది. ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. భయం నాకూ ఉంది. పంపు ప్లగ్గు పీకేసి, వేళ్లు నీళ్లలో ముంచాను. ఆవిడ బాగున్న చేత్తో నా భుజం గట్టిగా పట్టుకుంది. చేప పైకొచ్చింది.

"ఏటైనా అనిపిత్తందేటే?"

"మీసాలు తగుల్తన్నాయత్తా. అంతే."

ఇట్లు,
నీ కోసం ప్రార్థించే
మీ అమ్మ, ప్రేమలీల