కనకయ్య వంతు ప్యాకెట్లు

జూన్ 3, మంగళవారం
జగిత్యాల డాక్టరమ్మ బీపీ రోజూ రాయుమన్నది. 150/90. కోరుట్లల జిమ్ము నడిపే అల్లుడు తిరుపతి ఆర్జినిన్ ప్యాకెట్ల డబ్బ పంపిండు. అమినో యాసిడ్ అంట. నరాలు ఇప్పారుతయంట, బీపీ దిగుతదంట, నడుస్తుంటే కాళ్ల గుంజుడు గూడ తగ్గుతదంట. నీళ్లల్ల కలిపి తాగిన. పుల్లగున్నది.

జూన్ 9, సోమవారం
కాళ్లు తేలికైనట్టున్నయి. నాకైతే పని చేసింది.
గుండెపోటొచ్చి స్టెంట్ ఏసినంక కనకయ్య ఇయ్యాల్నే పనిలకు అచ్చిండు. సిరిసిల్లల ఒక్క సేటు కాడ్నే, బట్ట నేసే ఒక్క సాంచాల మీదనే ఇద్దరం జోడి. ఒకలు పగలు, ఒకలు రాత్రి. ఆయనకు పగలిచ్చి రాత్రి నేను తీసుకున్న. చాయ్ అయినా బీడి అయినా మాకు సగం సగం. ఎప్పటి నుంచో అంతే. ప్యాకెట్లు గూడ సగం ఆయన చేతుల పెట్టిన.
డాక్టర్ను అడిగి తాగుతనే అన్నడు. నాకు మండింది. నీకు స్టెంట్ ఏసిన్రా, భయం ఏసిన్రా అన్న. సాంచాల కాడ అందరు నవ్విన్రు. ఆయన గూడ నవ్వి, కలిపి తాగిండు.

జూన్ 17
రోజు పొద్దున షిఫ్ట్ మారంగ నిలవడి తాగిపిస్తున్న.

జూన్ 26, గురువారం
జగిత్యాలకు చెకప్‌కు పోయిన. బీపీ 144. ప్యాకెట్ మహిమే అని గొప్పగ చెప్పిన. డాక్టరమ్మ నవ్వింది. బీపీ కొంచెం దిగేది నిజమే, రోజు ఏసుకునే గోలీ మాత్రం బంజేయకు అన్నది. కాళ్ల సంగతి అడిగిన. కాళ్లు గుంజేటోళ్లకు నెలలకు నెలలు తాగిపిచ్చి చూస్తే, మందు లేని ఉత్త పొడి తాగినోళ్లకన్న ఏం మేలు కాలేదంట.
లేస్తుంటే ఇంకో మాట అన్నది. గుండెపోటు వచ్చినోళ్లకు ఇది ఇయ్యద్దంట. అమెరికాల గసుంటోళ్లకు ఇచ్చి చూసిన్రంట. తాగినోళ్లల్ల కొందరు సచ్చిపోయిన్రంట. ఉత్త పొడి తాగినోళ్లల్ల ఒక్కలు గూడ పోలేదంట. అందుకే గా పరీక్షను నడుమనే ఆపేసిన్రంట.
బస్సుల ఫోన్ తీసి కనకయ్య పేరు మీద ఏలు పెట్టిన. అందరిల నవ్విచ్చినోన్ని, ఏమని చెప్పాలె? పొద్దున ఒక్కన్ని పక్కకు పిలిచి చెప్త అనుకున్న.

జూన్ 27, శుక్రవారం
చెప్పలేదు. సేటు ఉండె, అందరు ఉండిరి. కనకయ్య గ్లాస్ ఎత్తి, సూడు, భయం లేదు అని నాకు చూపిచ్చి తాగిండు. ఒక్క మాట అంటే అయిపోతుండె. అనలే.
రేపు చెప్త.

జూన్ 28
కనకయ్య పోయిండు. డ్యూటీకి తయారైతు ఇంట్లనే కూలవడ్డడంట.

జూలై 2, బుధవారం
బిడ్డ మాధవితోని డాక్టరమ్మకు ఫోన్ చేపిచ్చిన. ప్యాకెట్‌తోని పోయిండా, ఉన్న రోగంతోని పోయిండా, ఒక్క మనిషిని చూసి ఎవ్వలు చెప్పలేరు అన్నది. తిరుపతి గా మాటనే పట్టుకున్నడు, నీ తప్పు లేదు మామ అని. చెప్పలేరంటే, లేదని గాదు గద.
కనకయ్య భార్య శంకరవ్వ పదిమందిల నన్ను చూపెట్టింది. తోడవుట్టినోని లెక్క చూసుకున్నడు, తన మందుల సగం ఇచ్చిండు అని ఏడ్చింది. తల ఎత్తలే.

జూలై 13
శంకరవ్వకు చెప్పిన. శుక్రవారం తెలిసి గూడ ఆపని సంగతి గూడ.
తిన్నవా అని అడిగింది. తినలేదని చెప్పిన.
పొమ్మనలేదు. అన్నం పెట్టలేదు.