వెండి చెట్టు లాలి

చిరంజీవి ఉయాంగకు, అమ్మ ముద్దులతో రాస్తున్నది. ఇక్కడ గొర్రెలు, నేను, మీ నాన్న, ఆ వరసలోనే క్షేమం.

లారీ డ్రైవరు చేత నువ్వు పంపిన టీ, మోకాలి మందు అందాయి. ఓర్ఖోన్ నది మీద మంచు పగులుతోంది. గొర్రెలు ఈనే కాలం కదా, నడుం వాల్చే తీరిక లేదు.

"నాన్న కోపం తగ్గిందా?" అని అడిగావు. పాత రాజధాని ఖరఖోరుమ్‌ను అంతరిక్ష నౌకకెక్కించి, ఇక్కడ పురుగు కూడా మిగల్లేదని కథ రాశావు. ఆ శిథిలాల పక్కనే గొర్రెలు కాసుకునేవాళ్ళకు అది మింగుడు పడుతుందా? "నీ కూతురు ఊరంతా ఖాళీ చేయించిందే! మరి మనమెవరం, తొండలమా?" అని ఒకటే రంకెలు. సగం చదివి విసిరేశానన్నాడు. కొత్త ఏడాది శ్వేతమాసం పండక్కి నువ్వు రాకపోయేసరికి నీ గిన్నె బోర్లించాడు. బతికున్న మనిషి గిన్నె బోర్లించకూడదని తెలిసీ! ఆ సంగతి నీకు రాయలేకపోయాను.

ఇప్పుడు రాస్తాను. చెప్పనని ఆయనకు మాటిచ్చాననుకో, అయినా రాస్తాను.

నిన్న సాయంత్రం తొలిచూలు గొర్రె ఒకటి తన పిల్లను కాదంది. దగ్గరకొస్తే కుమ్మేస్తోంది. మీ నాన్న దాని పక్కన కూర్చుని, మనవాళ్ళంతా పాడినట్టే "తోయిగ్, తోయిగ్" అని బుజ్జగిస్తున్నాడు. అది కరగలేదు. నేను దొడ్డి బయట పిడకలు ఏరుకుంటున్నాను. ఇంతలో పాట మారింది.

"తోయిగ్, తోయిగ్... నక్షత్రాల్లో వెండి చెట్టుందమ్మా... నాలుగు కొమ్మల పాలు కురుస్తుందమ్మా... ఎవరి బిడ్డవని అడగదమ్మా... నీకెందుకే అంత పొగరు?"

ఖరఖోరుమ్ పాత రాజమందిరంలో ఉండేదని చెప్పుకునే వెండి చెట్టే, ఉయాంగా! నీ కథ చివరి పేజీలో కదా అది పాలు కురిసింది!

గొర్రె పిల్లను వాసన చూసింది, కదలకుండా నిలబడింది. పిల్ల తోకాడిస్తూ తాగింది. ఏడ్చింది మాత్రం నేను.

"చివరిదాకా చదివావన్నమాట," అన్నాను లోపలికెళ్ళి.

"గాలికి పేజీ తిరిగితే కంటబడిందిలే. నీ కూతురికి చెప్పకు." దొంగమొహం వేశాడు. పిల్ల వీపు తుడుస్తూ, "అయినా ఆ నక్షత్రాల్లో బిడ్డను కాదన్నవాళ్ళకి ఎవరు పాడతారంట? ఒక్క గొర్రెలకాపరినైనా ఎక్కించుకోవద్దా? వచ్చి చెప్పమను," అన్నాడు.

ప్రాణం లేచొచ్చిందే తల్లీ. పండగ దాటిపోతేనేం, వచ్చి, పండగనాడు పెద్దల్ని పలకరించినట్టే ఆయన మోచేతుల కింద నీ చేతులు పెట్టు.

పొద్దున టీ కాచడానికి లేచేసరికి నీ గిన్నె వెల్లకిలా ఉంది. నేను ముట్టుకోలేదు.

ఇట్లు,
నీ దారి చూస్తున్న
అమ్మ