అక్క ఊరి గడియారం

బెంటన్‌విల్, గురువారం రాత్రి

అక్క బతికే ఉంది. ముందు ఈ మాట రాసుకుంటే తప్ప మిగతాది రాయలేను.

ఇజ్రాయెల్‌లో అక్క ఒక ముసలమ్మను చూసుకునే కేర్‌గివర్‌గా పనిచేసే ఇంటి వీధిలో రాకెట్ పడిందని నిన్న వార్తల్లో చూసిన దగ్గర్నుంచీ అన్నం సహించలేదు. ఎన్నిసార్లు కాల్ చేశానో. ఈరోజు ఆఫీస్ మీటింగ్ మధ్యలో నా ఫోన్ మోగింది. గొంతు వినగానే, మీటింగ్ మైక్ మ్యూట్ చెయ్యకుండానే "అక్కా!" అని అరిచాను. టీమంతా విన్నారు. విననీ.

"సైరన్ మోగంగనే ముసలమ్మను వీల్‌చైర్ల కూసోబెట్టుకొని షెల్టర్లకు ఉరికిన. నా ఫోన్ వంటింట్లనే మర్శిన. ఆమె కట్టుడుపళ్ళ డబ్బా మాత్రం మరువలే," అంది. రాకెట్ దెబ్బకి వంటిల్లు పోయింది, ఫోనూ పోయింది. పక్కింటివాళ్ళ ఫోన్ అడిగి చేసిందట. తిట్టాను. నవ్వింది. ఇంటికి వచ్చెయ్యమంటే, "లేవలేని మనిషిని ఎట్ల ఇడిశిపెట్టాలె?" అంది. నా కోపం మాత్రం తగ్గలేదు.

లంచ్‌లో నా మొహం చూడగానే పక్క సీటు హనాన్ "మీ అక్క మాట్లాడిందా?" అంటూ గట్టిగా పట్టేసుకుంది. తన పిన్ని, పిల్లలు గాజాలో ఉన్నారు. వాళ్ళ ఫోన్ కలవక పదకొండు రోజులైంది. నా సంతోషం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మా ఫోన్లు రెండూ టేబుల్ మీదే ఉన్నాయి. నాలాగే తనూ తెర మీద ఇక్కడి టైమ్ పక్కన రెండో గడియారం పెట్టుకుంది. తనది గాజా టైమ్, నాది అక్క ఊరి టైమ్.

రెండిట్లోనూ రాత్రి ఎనిమిదిన్నరే.