వారం తెలియని బిడ్డకు

విశాఖపట్నం ఏజెన్సీలో హుకుంపేటకు ఆమడ దూరాన ఉన్న జోడిగెడ్డ గ్రామంలో మిషన్ బడి పంతులుగా ముప్పై ఒక్క సంవత్సరాలు పని చేసిన యోనా అనే నేను, అరవై మూడో ఏట, నా చేత్తో నేనే రాసుకుంటున్న ఆఖరి మాట ఇది. ఎవరూ నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు, కల్లు పోయించలేదు. మతి స్థిమితంగా ఉందని మొట్టమొదటే రాయాలని విజయనగరంలో దస్తావేజులు రాసే ఆయన చెప్పాడు. రాశాను. అయితే నిజం కూడా రాయాలి కదా. నాకు మనుషుల పేర్లు గుర్తున్నాయి, పదహారో ఎక్కం గుర్తుంది, కీర్తనలు గుర్తున్నాయి. వారాల మీదే నమ్మకం లేదు. పొద్దున్న లేచి ఇవాళ ఏ వారమో ఇద్దరిని అడిగితే గాని కాలు బయట పెట్టను. దీన్ని మతి చలించడం అంటారో ఏమంటారో కోర్టువారే తేల్చుకోవాలి.

ఆ రాతగాడే ఇంకో సంగతి చెప్పాడు. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలట. అందులో ఏదైనా పొందేవాళ్ళు సాక్షి వేలు వేయకూడదట. వేస్తే కాగితం చెల్లుతుంది గాని, వాళ్ళకు రాసింది వాళ్ళకు చెల్లదట. అందుకని ఊరిపెద్ద సోంబరును, ఉప్పు అమ్మే గాసిని సాక్షులుగా అనుకున్నాను. ఇద్దరికీ చదువు రాదు. మొత్తం పైకి చదివి వినిపించాకే వేలు వేయిస్తాను. నా కోడలు గంగ కూడా కూర్చుని వినాలి. నాలుగో అంశం వినకుండా అయిదోది వినకూడదన్నది ఈ వీలునామాలో నేను పెడుతున్న ఒకే ఒక్క షరతు.

ఒకటి. నన్ను నా భార్య మగ్దలేనమ్మ పక్కన పాతాలి. పాదిరిగారు ఘాటీ ఎక్కి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆదివారం కోసం అసలే ఆగొద్దు.

రెండు. మిషన్ బడుల తనిఖీకి వచ్చే వరప్రసాదం గారికి ఆయన గొడుగు. అది నా ఆస్తి కాదు, ఆయనదే. పందొమ్మిది వందల పద్దెనిమిదిలో పెద్దజ్వరం దేశమంతా తినేసింది. కింద పట్నాల్లో కట్టెలు చాలక శవాలను ఏట్లో వదులుతున్నారని చెప్పుకుంటుండగానే అది మా ఘాటీ ఎక్కింది. ఆ రోజు ఆయన మా బడిలోనే ఉన్నారు. "ధైర్యంగా ఉండండి పంతులూ, దేవుడున్నాడు" అని చెప్పి, ఆ ధైర్యమంతా నాకే వదిలేసి కిందికి పరుగెత్తారు. గొడుగు మరిచిపోయారు. ఆయన వెనకాలే ఠాణా జవాన్లు దిగిపోయారు. ఠాణా తలుపుకు తాళం కూడా వేయలేదు. సంత ఆగింది. ఉప్పు రాలేదు, కిరసనాయిలు రాలేదు, తపాలా రాలేదు. సర్కారు ఉందో పోయిందో చెప్పేవాడు లేడు. దోసెడు ఉప్పు కోసం అన్నదమ్ములు గొడ్డళ్ళు ఎత్తుకోవడం నేను కళ్ళారా చూశాను. ఏ ఊరికి ఆ ఊరు దారికి అడ్డంగా ముళ్ళకంప వేసుకుని కూర్చుంది. గొడుగుకు గుడ్డ రెండు చోట్ల ఎలకలు కొట్టాయి. ఆయన అడిగితే ఎలకలను అడగమనండి.

మూడు. మగ్దలేనమ్మ పెట్టెలోని గుడ్డలు ఊళ్ళో పురుడు పోసే అసిరమ్మకు. నా కళ్ళద్దాలు ఎవరి కళ్ళకు సరిపోతే వాళ్ళకు. బైబిలు మా అబ్బాయి మార్కు పేరిట ఉంది. వాడు యుద్ధంలో కూలీ దండుతో వెళ్ళి బస్రాలో పోయాడని కాగితం వచ్చింది. కాబట్టి బైబిలు నాతోపాటు పాతేయండి, నేనే అందజేస్తాను. బడి గంట మిషన్ వారిది. నాదే అయితే గెడ్డ నీళ్ళలో పారేసి ఉందును.

నాలుగు. ఈ అంశం కింద ఎవరికీ ఏ వస్తువూ రాయడం లేదు. సోంబరుకు అతని పేరు అతనికి తిరిగి ఇస్తున్నాను. అది పద్నాలుగు నెలలుగా నా దగ్గరుంది.

కింద పట్నాలవాళ్ళకు తెలియదు కనుక చెబుతున్నాను. ఈ కొండల్లో బిడ్డకు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. మంగళవారం పుడితే మంగ్లి, బుధవారమైతే బుద్రి, శుక్రవారమైతే సుక్రి. వారం ఏమిటో సంతను బట్టి తెలుస్తుంది. సంతలు ఆగేసరికి వారాలు కూడా ఆగిపోయాయి. అప్పుడు బడి గోడ మీద రోజుకో బొగ్గుగీత గీసి వారం లెక్క పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. చుట్టుపక్కల మూడు ఊళ్ళవాళ్ళు కంప అవతల నిలబడి, ఇవాళ ఏ వారమని నన్ను కేకేసి అడిగేవారు. నాకు అది కొంచెం గర్వంగానే ఉండేది. తెల్లారగానే గంట ఒక్క దెబ్బ కొట్టేవాణ్ణి. ఆదివారం ఆరాధనకు ఆపకుండా కొట్టేవాణ్ణి. జబ్బు ఊళ్ళనించి ఎవరైనా కంప దగ్గరికి వచ్చినా ఆపకుండానే కొట్టాలని, అది వినగానే ఊరివాళ్ళు డప్పులు కొట్టి రాళ్ళు రువ్వాలని కట్టుబాటు చేసుకున్నాం.

గంగ కొండపిల్ల. బాప్తిస్మం లేని కోడలు నాకు వద్దని పెళ్ళినాడు వాళ్ళింట పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదు నేను. మార్కు యుద్ధానికి పోయాక ఆమె పురుటికి గెడ్డ అవతల పుట్టింటికి వెళుతుంటే ఒక నల్లపెట్టను ఇచ్చాను. మనసు కరిగి కాదు, మగ్దలేనమ్మ పోరు పడలేక. మా కోళ్ళన్నిటికీ కుడికాలి నడిమి వేలి కొస తీసి ఉంటుంది. అది మా గుర్తు.

ఆ రోజు పొద్దున్న మంచు. నాలుగు బారల అవతల ఏమీ కనపడదు. కంప దగ్గర నేను, సోంబరు ఉన్నాం. గెడ్డ వైపునుంచి ఒక ఆడమనిషి వస్తోంది. నెత్తిన చేట, చేటలో పసుపు బియ్యం, చంకలో నల్లకోడి. ఇక్కడ ఊళ్ళో జబ్బు పడితే దాన్ని సాగనంపుతారు. చేటలో పసుపు బియ్యం పోసి, నల్లకోడిని తెచ్చి పక్క ఊరి పొలిమేరలో వదిలేసి పోతారు. అది వట్టి మూఢత్వమని ముప్పై ఏళ్ళు బళ్ళో చెప్పినవాణ్ణి నేను. ఆ ఒక్క నిమిషం నమ్మాను. "ఆగు పంతులూ, ఒక్క మనిసే కదా, ఎవులో అడుగుదుం" అన్నాడు సోంబరు. నేను ఆగలేదు. గంట కొట్టాను. ఆపకుండా కొట్టాను. రాళ్ళు పడ్డాయి.

మధ్యాహ్నానికి మంచు విడిచింది. ఒక నల్లపెట్ట కంపలోంచి దూరి మా వాకిట్లోకి వచ్చి గింజలు ఏరుకుంటోంది. కుడికాలు చూశాను. నడిమి వేలికి కొస లేదు. బిడ్డకు పేరు పెట్టేనాడు కూడా చేట, పసుపు బియ్యం, కోడి కావాలని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఎవరి కోడని మగ్దలేనమ్మ మంచంలోంచి అడిగింది. ఎవరిదో అన్నాను. గెడ్డ దాటి వెళ్ళి వెతికానని రాయాలని చేయి లాగుతోంది. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో నాకు ఇప్పటికీ బోధపడదు. భయమో, సిగ్గో, వెళితే అది నిజమైపోతుందనో.

గంగ తల్లి ఊరు కూడా ఆమె వెనక కంప మూసేసింది. ఇటు మా కంప, అటు వాళ్ళ కంప. మధ్యలో చేని మంచె మీద, వీపున కట్టుకొచ్చిన బిడ్డతో ఉంది. నాలుగో రోజున బిడ్డ పోయింది. అక్కడే పాతింది. దారులు తెరిచాక తిరిగి మా ఇంటికే వచ్చింది. అప్పటికి మగ్దలేనమ్మ కూడా లేదు. ఆ రోజునుంచి నాకు పూటపూటా అంబలి కాచి పోస్తోంది. రాళ్ళు వేయించింది ఊరిపెద్దేనని ఆమె నమ్మకం. సోంబరు ఎదురొస్తే ఉమ్మి పక్కకు తిరుగుతుంది. అతను ఒక్కనాడూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. నేను ఆరాధనకు గంట కొడుతుంటే అతను రాళ్ళు వేయించాడని ఆమె అనుకుంటోంది. గంట వినపడగానే "నన్ను రమ్మంతన్నారని బేగి బేగి నడిసినాను మావా" అని ఆమె నాతో చెప్పినప్పుడు నా నోట్లో అంబలి ఉంది. మింగేశాను.

గంట కొట్టింది నేను. సోంబరు ఆగమన్నాడు. ఇది నా వాంగ్మూలం.

అయిదు. నా ఇల్లు, గెడ్డ ఒడ్డున ఉన్న ఎకరన్నర పల్లం, రెండు పనస చెట్లు, పాదిరిగారు తెచ్చి ఇచ్చిన ఆరు కాఫీ మొక్కలు, అన్నీ నా కోడలు గంగకు, సర్వహక్కులతో. పైది విన్నాక ఆమెకు వద్దనిపిస్తే బలవంతం లేదు. అప్పుడు ఊరంతా కలిసి దున్నుకుని, పండింది కరువునాటికి విత్తనంగా దాచాలి. అమలు జరిపే బాధ్యత సోంబరుది.

ఆరు. పేరు లేకుండా పోయిన నా మనవరాలికి ఒక వారం రాసి ఇద్దామనుకున్నాను. అది కూడా సరిగ్గా ఇవ్వలేకపోతున్నాను.

ఆ రోజు గంగ వచ్చింది నన్ను వారం అడగడానికే. బిడ్డ పుట్టిన మర్నాటి నుంచి తెల్లారినప్పుడల్లా తాడుకు ఒక ముడి వేసింది. పద్దెనిమిది ముళ్ళు. ఆ రోజు ఏ వారమో నేను చెబితే వెనక్కి లెక్కపెట్టి పేరు పెట్టుకుందామని. ఆపకుండా గంట వినేసరికి ఆదివారమని మురిసిపోయిందట. తిరిగొచ్చాక నేను గీతలు చూసి, కాదు, శనివారం అన్నాను. "ఆదివారం కాపోతే గంటెందుకు కొట్టినావు మావా?" అని అడిగింది. జవాబు పైన నాలుగో అంశంలో ఉంది. ఆమె మళ్ళీ అడగలేదు, బిడ్డకు పేరూ పెట్టలేదు. ఆ తాడు ఇంకా దూలానికి వేలాడుతోంది.

నా గీతల మీద కూడా నాకు నమ్మకం పోయింది. ఆ గంటకు వారం ముందు నేను జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాను. లేచి అడిగితే, మూడు రోజులు పడున్నావని మగ్దలేనమ్మ చెప్పింది. మూడు గీతలు గీశాను. తర్వాత ఆమె పోయినప్పుడు గీతలు గీయడమే మరిచి, ఆ పైన గుర్తున్నన్ని గీశాను. జనవరిలో జమాదారు జవాన్లతో పైకి వచ్చేసరికి నేను ఆదివారం ఆరాధన చేస్తున్నాను. ఇవాళ మంగళవారం అని అతను నవ్వాడు. రెండు రోజులు తక్కువొచ్చాయి. రెండూ దుఃఖంలో పోయి ఉంటే, గంట కొట్టింది శనివారం, బిడ్డ మంగ్లి. ఒకటి జ్వరంలో, ఒకటి దుఃఖంలో పోయి ఉంటే, గంట కొట్టింది ఆదివారం, బిడ్డ బుద్రి. మగ్దలేనమ్మ రెండు రోజులు తప్పేది కాదు. ఎన్నిసార్లు లెక్కవేసినా ఇక్కడే ఆగిపోతున్నాను. దేవుడికి తెలుసు. ఆయన చెప్పడం లేదు.

చదివి వినిపించాక చేర్చినది. ఇవాళ సాక్షులను పిలిచాను. సోంబరు వచ్చాడు. గాసి సంతకు పోయాడు, రేపటికి గాని రాడు. అయినా చదవడం మొదలుపెట్టాను. మళ్ళీ ధైర్యం వస్తుందో రాదో. గంగ గోడవార కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నాలుగో అంశంలో ఆమె చేయి ఆగింది. తల ఎత్తలేదు. నేను ఏడ్చాను, చదువుతూనే ఏడ్చాను. ఆరో అంశం అయ్యాక సోంబరు గొంతు సవరించుకున్నాడు. "నాలుగు దినాలు పంతులూ. నువ్వు పడున్న నాలుగు దినాలూ తెల్లారి దెబ్బ నానే కొట్టినాను. ఊరు బతికుందని నలుగురికీ తెలవాల కదా. అడిగితే సెప్పీవోడ్నే" అన్నాడు. నేను అడగలేదు. పద్నాలుగు నెలలు అతని మొహం చూసే ధైర్యం లేకపోయింది నాకు.

అంటే జ్వరంలో ఒక రోజు పోయింది, గంట కొట్టిన ఆ రోజు ఆదివారమే. రమ్మని గంట కొట్టవలసిన రోజునే పొమ్మని కొట్టాను.

గంగ లేచి దూలానికి ఉన్న తాడు తీసుకుంది. ఒక్కో ముడే పట్టుకుని ఆదివారం నుంచి వెనక్కి, పైకి వినపడేలా లెక్కపెట్టింది. చివరి ముడి దగ్గర "బుద్రి" అంది. రెండోసారి కూడా అంది, పిలుస్తున్నట్టు. తర్వాత సోంబరు ముందు చెంబుతో నీళ్ళు పెట్టింది. అతను తాగాడు.

అప్పుడు నా వైపు తిరిగి, "ఏలు ఏసినోళ్ళకి భూమి రాదన్నావు కదా?" అని అడిగింది. రాదన్నాను. "అయితే ఆ సిరా ఇలాగియ్యి" అంది. తొందరపడవద్దని, గాసి రేపు వస్తాడని, భూమి లేకుండా ఎలా బతుకుతావని ఏవేవో అన్నాను. వినలేదు. ఆ నల్లపెట్టను మాత్రం చంకన పెట్టుకుంది. "ఇది నాదే. నువ్వు ముందే ఇచ్చీసినావు" అంది. నన్ను క్షమించిందో, వదిలేసిందో నాకు తెలియడం లేదు. అంబలి మాత్రం పొయ్యి మీద ఉడుకుతోంది. ఎవరికోసం కాస్తోందో అడగలేదు.

ఆమె వేలిముద్ర పక్కన యోనా కోడలు అని రాయబోతే నా చేయి పట్టుకుంది. ఏమని రాయాలో ఆమే చెప్పింది. అలాగే రాశాను.

1920 ఫిబ్రవరి 22, ఆదివారం. ఇద్దరిని అడిగి రాశాను.

యోనా, స్వహస్తం.

సాక్షులు:
1. సోంబరు, జోడిగెడ్డ ఊరిపెద్ద. వేలిముద్ర.
2. గంగ, బుద్రి తల్లి. వేలిముద్ర.