ఈసారి ఎవరిని తిట్టాలక్కా?

అక్కా,

ఒంట్లో రక్తం లేక నువ్వు పోయినప్పటి నుంచి ఏటా ఈ రోజున, నువ్వు రాళ్లు మోసిన ముగ్గురాయి గని ముందు మీటింగు పెడుతున్నాను. "మా అక్క రక్తం తాగింది ఆకలే!" అని మైకులో అరుస్తాను. ఈ ఏడు బయల్దేరబోతుంటే నీ కూతురు మంజుల ఆపింది. కడపలో రక్తం మీద పరిశోధన చేస్తోందిలే.

"మామా, అమ్మ ఐరన్ మాత్రలు మింగింది, నువ్వు తెచ్చిన మేక కార్జం తినింది. అయినా కంటిరెప్పల లోపల తెల్లగానే ఉండె గదా? ఎముక మజ్జలో పుట్టే పసికణం ఎర్రకణంగా ఎదగల్లన్నా, హిమోగ్లోబిన్ తయారు కావల్లన్నా ఇనుమొకటే చాలదు. పాలీఅమైన్లనే చిన్న అణువులు గూడా కావాల."

"అవి తిండిలోంచే గదా వచ్చేది? అయితే ఆకలే!" అని ఎగిరాను.

"కొన్ని తిండిలోంచి. కొన్ని ఒళ్లే చేసుకుంటాది."

"మీయమ్మకు తక్కువైనాయా?"

"తెలీదు మామా. ఎవురూ చూళ్లేదు."

ఎందుకు చూడలేదని అరవాలా? చూడాలని అప్పుడు ఎవరికైనా తెలుసా? నీకు కూలి తగ్గించిన గనివాళ్ల మీద కోపం అలాగే ఉంది. నిన్ను చంపింది మాత్రం వాళ్లేనో కాదో తేలడం లేదు.

ఎవరినో ఒకరిని తిట్టకుండా నీ గురించి మాట్లాడటం నాకు రాదక్కా. గని దగ్గర మైకు ముందు నీ పేరు చెప్పి ఆగిపోయాను.

"ఏమప్పా, అంతేనా?" అన్నారు కూలీలు.

నీ పేరే ఇంకోసారి చెప్పి దిగిపోయాను.